పెద్ద ‘ఐ’ మీద బొట్టు

కాక చనిపోయాడని తమ్ముడు కార్డు రాశాడు. అది నాకు అందేటప్పటికే మూడు రోజులైపోయింది కాబట్టి ఆఖరి చూపు దక్కలేదు. కార్డు చదివి బ్యాగులో పెట్టుకుని స్కూలుకు వెళ్లాను. నాకు ఏడుపు అంత తొందరగా రాదు, నా దగ్గరికి దుఃఖం కూడా ప్యాసింజరు బండిలోనే వస్తుంది. మూడో పీరియడులో తొమ్మిదో తరగతికి టెన్సులు చెబుతూ చెయ్యి పైకెత్తి బొటనవేలితో కణుపులు లెక్కపెడుతున్నాను. పదిహేనేళ్లుగా చేస్తున్న పనే. ఆ రోజు వేలు మధ్యలో ఆగిపోయింది. పిల్లలు నేను పాఠం మరిచిపోయాననుకున్నారు. ముందు బెంచీ పిల్ల తర్వాతి వాక్యం అందించింది.

ఆయన మాకు చుట్టం కాదు. డెబ్బైల్లో వరంగల్ మట్టెవాడలో మేం అద్దెకున్న వాకిట్లో మూడు వాటాలుండేవి. నడిమి వాటా మాది, గేటు పక్కది ఆయనది. మా నాన్న ఆయన్ని తమ్మీ అని పిలిచేవాడు కాబట్టి నాకు కాక, ఆయన భార్య చిన్నమ్మ. వాళ్లకు పిల్లల్లేరు, నన్నే బిడ్డా అనేవారు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాయకపోవడం ఆయనకు కొత్తేమీ కాదు. ఆయన పనిచేసిన సర్కారు ఆఫీసులో పేరు పెట్టి పిలిచేవాళ్లే తక్కువ. బల్ల మీద గంట ఉండేది, దాన్ని కొట్టేవాళ్లు.

ఆయన అక్కడ చప్రాసి. సాబు గది ముందు స్టూలు ఒకటి వేసి ఉండేదట గాని, తలుపు తీసి ఉంటే స్టూలు లోపలికి కనపడుతుంది. అందుకని పొద్దంతా నిలబడే ఉండేవాడు. ఆయన నీళ్లు మోసిపెట్టిన కుర్రాళ్లు గుమాస్తాలై, పెద్ద గుమాస్తాలై, ఆయన చేత టీ తెప్పించుకుంటున్నారు. ఆయన కూడా గుమాస్తా కావచ్చు. పదో తరగతి పాసైతే చాలు. అయితే అది నలభై అయిదేళ్లు నిండేలోపు జరగాలి, నిండితే ఆ తలుపు మూసుకున్నట్టేనని ఆఫీసులో ఆయనకు చెప్పారు. నేను ఎరిగేనాటికి ఆయనకు ముప్పై ఏడో, ఎనిమిదో. అన్ని సబ్జెక్టులూ పాసయ్యాడు. ఇంగ్లీషు మిగిలింది.

జీతం పెరుగుతుందని కాబోలు ఇంత పాకులాట అని నేను అనుకునేదాన్ని. ఒకసారి అడిగేశాను కూడా. ఆయన నవ్వి, “పైసలు గాదు బిడ్డా. కుర్చీ. నా కాళ్లు నన్ను రోజు అడుగుతానయి, ఎప్పుడు కూసుందామని” అన్నాడు.

ఇంగ్లీషు మిగలడంలో ఆయన తప్పేం లేదు. ఆయనది నెక్కొండ దగ్గర పల్లె. చిన్నప్పుడు నాలుగో తరగతి దాకా ఉర్దూలో చదివాడు. నిజాం పోయాక తెలుగన్నారు, అలిఫ్ బేలు వదిలి అ ఆలు దిద్దాడు. తెలుగు కుదురుకునేసరికి ఇంగ్లీషు వచ్చింది గాని దాన్ని చెప్పే సారు ఆ ఊరికి రాలేదు. రెండు భాషలు మింగి మూడోది గొంతులో పడ్డ మనిషి అని మా నాన్న అనేవాడు. అది ఆయన గొంతులో ఇరవై ఏళ్లకు పైగా ఉండిపోయింది.

సాయంత్రం ఆరుకు వచ్చేవాడు. ఖాకీ కోటు మేకుకు తగిలించి, కాళ్లు కడుక్కుని, టీ సాసర్లో పోసుకుని తాగి, గడప మీద నోటుబుక్కుతో కూర్చునేవాడు. గడప మీద కూర్చోకూడదని చిన్నమ్మ, అక్కడైతేనే వెలుతురని ఆయన. ఈ తగువు నేను రోజూ విన్నాను, ఒక్కరోజూ తెగలేదు. ఇంగ్లీషును ఆమె నా సవితి అనేది. పొద్దుగూకితే చాలు ఆ సవితి దగ్గరికే పోతాడని వాకిలూడ్చే ఆమెకు కూడా చెప్పుకునేది.

టెన్సులు ఆయన ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, వేళ్ల మీద తనే కట్టుకున్నాడు. చేతికి బొటనవేలు తీసేస్తే నాలుగు వేళ్లు, వేలికి మూడు కణుపులు. కింది కణుపు నిన్న, నడిమిది ఇవాళ, పైది రేపు. చూపుడువేలు మామూలు పని, నడిమివేలు జరుగుతున్న పని, ఉంగరంవేలు అయిపోయిన పని, చిటికెనవేలు ఎప్పటినుంచో జరుగుతూ ఇంకా తెమలని పని. మొత్తం పన్నెండు. ఇంగ్లీషువాళ్ల టెన్సులు కూడా పన్నెండే. ఇది కనిపెట్టిన రోజు ఆయన మా ఇంటికి పరుగున వచ్చి మా నాన్నకు చెయ్యి చూపించాడు. మా నాన్న జాతకం చెప్పమంటున్నాడనుకున్నాడు. మరి బొటనవేలు సంగతేమిటని నేనడిగితే, “అది చప్రాసి బిడ్డా. అందరి తాన్కి తిరుగుతది, దానికి సొంతంగ టెన్సు లేదు” అన్నాడు.

అప్పుడు నేను ఇంటర్మీడియట్ చదువుతున్నాను, ఇంగ్లీషులో మంచి మార్కులు వస్తాయని వాకిట్లో పేరు. ఆయన నోటుబుక్కు దిద్దే పని నాకు అలా వచ్చింది. ఆఫీసులో సాబు వాడి పడేసిన పెన్సిలు ముక్కలు తెచ్చిచ్చేవాడు, ఒక కొన ఎరుపు, ఒక కొన నీలం. నీలం ఆయనకు, ఎరుపు నాకు. పుస్తకాల్లో ఉండే రాముడు మామిడిపండు తినడం, సీత పాట పాడటం ఆయనకు పట్టేవి కావు. తెలియని మనుషుల పండ్లు మనకెందుకు అనేవాడు. ఆయన వాక్యాల్లో ఆయనకు తెలిసిన లోకమే ఉండేది. ద బెల్ రింగ్స్. ద బెల్ ఈజ్ రింగింగ్. ద బెల్ హాజ్ బీన్ రింగింగ్ సిన్స్ మార్నింగ్. ఆ తర్వాత చిన్నమ్మ కోపగించుకోవడం పన్నెండు రకాలుగా, నెక్కొండ ప్యాసింజరు ఆలస్యంగా రావడం పన్నెండు రకాలుగా. ఏడేళ్లలో నేను ఆ గంటను కొన్ని వేలసార్లు దిద్ది ఉంటాను.

ఆయన రాతలో ఒక తప్పు మాత్రం నేను చచ్చినా మాన్పించలేకపోయాను. ఇంగ్లీషులో ‘నేను’ అనడానికి రాసే పెద్ద ‘ఐ’ ఉంది కదా, నిలువు గీత. దాని నెత్తిన కూడా చుక్క పెట్టేవాడు. చిన్న ‘ఐ’కి పెడతారు గాని పెద్దదానికి పెట్టరని వందసార్లు చెప్పాను, ఎర్ర పెన్సిలుతో కొట్టేశాను, కోప్పడ్డాను. అంతా విని, మర్నాడు మళ్లీ పెట్టేవాడు. చివరికి ఒకనాడు కొంచెం సిగ్గుపడుతూ అసలు సంగతి చెప్పాడు. “చిన్నదానికి బొట్టు పెట్టి పెద్దదాన్ని బోడిగ ఇడిచిపెడితె ఎట్ల బిడ్డా? అండ్ల నేనుంటి గద. మొకాన బొట్టు లేకుంట కాయితం మీదికి ఎట్ల పోను?” దీనికి జవాబు ఇంగ్లీషువాళ్ల దగ్గర కూడా ఉండదనుకుంటాను.

ఇంకో సంగతి చెప్పాలి, ఎందుకంటే తర్వాత దాన్ని నేను చాలా నీచంగా వాడుకున్నాను. ఒక వానాకాలం ఆయనకు ఆఫీసులో బాగా చీవాట్లు పడ్డాయి. టీ ఒలికి ఏదో ఫైలు తడిసిందట. ఆ సాయంత్రం మొహం చూడలేకపోయాను. నోటుబుక్కులో ఇరవై వాక్యాలకు పద్నాలుగు తప్పులున్నాయి. జాలి పుట్టి నాలుగు దిద్ది, మిగతావాటికి రైటు మార్కులు పెట్టేశాను. సంతోషంగా పట్టుకెళ్లాడు. రెండు రోజుల తర్వాత ఏ గైడు చూశాడో ఏమో, పట్టేశాడు. నా మీద అరవలేదు. మూడు రోజులు నోటుబుక్కు ఇవ్వలేదు, అంతే. నాలుగో రోజు నేనే వెళ్లి అడిగితే గోడ వంక చూస్తూ, “నా మీద పావురంతోని తప్పును రైటు చెయ్యకు బిడ్డా. ఆఫీసుల అందరు నన్ను జూసి అయ్యో పాపమంటరు. నువ్వన్న తప్పు చూపెట్టు” అన్నాడు.

పావురమంటే మా వైపు ప్రేమ. ఆ మాట అన్నాక నోటుబుక్కు ఇచ్చాడు. అప్పటినుంచి నేను ఒక్క తప్పూ వదల్లేదు.

ఏడాదికి రెండు పరీక్షలు, మార్చి, సెప్టెంబరు. మార్చి పోతే సెప్టెంబరుంది, సెప్టెంబరు పోతే మార్చి ఉంది అనేది మా వాకిట్లో ఆయన కోసమే పుట్టిన సామెత. ఆఫీసుకు సెలవు పెట్టి, మడత నలగని తెల్లచొక్కా వేసుకుని, చిన్నమ్మ చేతి పెరుగన్నం తిని వెళ్లేవాడు. ఒక మార్చిలో పరీక్ష హాల్లోకి అడుగుపెట్టగానే లోపలున్న పిల్లలంతా సారు వచ్చాడనుకుని లేచి నిలబడి గుడ్ మార్నింగ్ చెప్పారట. ఈయన గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, ‘సిట్ డౌన్’ అన్నాడట. అందరూ కూర్చున్నారు. తర్వాత ఆయన వెనక్కి నడిచి తన నంబరు వెతుక్కుని, మోకాళ్లు పట్టని బెంచీలో ఇరుక్కుని కూర్చుంటే, తిరిగి చూసిన పిల్లలు నవ్వారట. ఇదంతా చెప్పి మమ్మల్ని నవ్వించాడు. “నా ఇంగ్లీషుకు నలభై మంది కూసున్నరు బిడ్డా. నేను గూడ కూసున్న” అని ఆఖర్న అన్నాడు. చిన్నమ్మ నవ్వడం ఆపి లోపలికి వెళ్లింది.

ఫలితాలు పేపర్లో వచ్చేవి. చౌరస్తాలో పేపరు కొని, అక్కడ విప్పకుండా ఇంటిదాకా మడిచి తెచ్చి, నాకిచ్చి చూడమనేవాడు. నేను నంబర్ల వరసల్లో వేలు పెట్టి కిందికి జారుస్తుంటే తను మా వేపచెట్టు వంక చూస్తూ ఉండేవాడు. నేను రెండోసారి వరస మొదటికి వచ్చానంటే ఆయనకు అర్థమైపోయేది. “సరే తియ్, సెప్టెంబరున్నది” అని పేపరు తీసుకుని, ఆ పేపరే చింపి కొత్త నోటుబుక్కుకు అట్ట వేసుకునేవాడు. ఒకసారి ఇరవై రెండు, ఒకసారి ఇరవై ఏడు, ఒకసారి ముప్పై. ముప్పై అయిదు రావాలి. దగ్గరికొస్తున్నానని ఆయన, వయసు కూడా దగ్గరికొస్తోందని చిన్నమ్మ.

నేను డిగ్రీ చేసి, బీఎడ్ చేసి, పక్క జిల్లాలో ఒక హైస్కూలుకు ఇంగ్లీషు టీచరునై వెళ్లిపోయాను. వెళ్లే రోజు ఆయన నాకు ఎర్ర నీలం పెన్సిళ్లు కొత్తవి రెండు ఇచ్చాడు. సెలవులకు వచ్చినప్పుడు నోటుబుక్కులు దొంతరగా పెట్టి ఉండేవి, కూర్చుని దిద్దేదాన్ని. ఆయన కింద పనిచేసే కుర్ర చప్రాసికి కూడా కణుపుల మీద టెన్సులు నేర్పాడు. ఆ అబ్బాయి మొదటిసారికే పాసయ్యాడు. నా శిష్యుడని కాక అందరికీ చెప్పుకున్నాడు గాని ఆ రాత్రి అన్నం తినలేదని చిన్నమ్మ నాతో అంది.

ఆయనకు ఆగస్టులో నలభై అయిదు నిండుతాయనగా మార్చి పరీక్ష వచ్చింది. అదే ఆఖరిది. సెప్టెంబరులో పాసైనా లాభం లేదు. ఆ ఏడు ఖచ్చితంగా జరగాల్సింది ఒక్కటే, ముప్పై అయిదు మార్కులు. ఆ సంగతి మా వాకిట్లో అందరికీ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు.

ఏప్రిల్లో పరీక్ష కాగితాలు దిద్దడానికి నన్ను రమ్మన్నారు. నాకు అంత సర్వీసు లేదు, ఎవరో పెద్ద టీచరు జబ్బుపడితే బదులుగా పంపారు. ఆ జిల్లా కేంద్రంలో ఒక హైస్కూలు, పెద్ద హాలు, ఆరుగురికొక బల్ల, బల్లకొక చీఫ్. కాగితాల మీద పేర్లుండవు, అసలు నంబర్లు కూడా ఉండవు, దొంగ నంబర్లు వేస్తారు. ఏ జిల్లావో చెప్పరు. మా చీఫ్ రిటైరు కాబోయే ముసలాయన. మొదటి రోజే రెండు మాటలు చెప్పాడు. తెలిసినవాళ్ల కాగితమని అనుమానమొస్తే చెప్పి పక్కవాళ్లకిచ్చెయ్యాలి, అది రూలు. ముప్పై రెండో, ముప్పై మూడో వచ్చి ఆగిన కాగితాన్ని మళ్లీ తిరగేసి, ఎక్కడో ఒక అర, ఎక్కడో ఒకటి కలిపి పాసు చెయ్యాలి, అది రూలు కాదు, అక్కడి ఆనవాయితీ. “రెండు మార్కుల కోసం ఒకళ్ల ఏడాది తినకండమ్మా” అన్నాడు.

నాలుగో రోజు పొద్దున నేను అలా ఇద్దరిని పాసు చేశాను. ఎవరో తెలియదు. ఒకరికి రెండు, ఒకరికి రెండున్నర కలిపాను. చాలా పుణ్యం చేసినట్టు అనిపించి టీ తాగొచ్చాను. వచ్చి తర్వాతి కాగితం విప్పాను.

మొదటి పేజీలో పెద్ద ‘ఐ’ మీద చుక్క ఉంది.

ఎవరో చిన్నపిల్ల అనుకున్నాను. పేజీ తిప్పితే ప్రతి పెద్ద ‘ఐ’ మీదా చుక్క. సొంత వాక్యాలు రాయమన్న చోట గంట పొద్దుటినుంచి మోగుతోంది. వ్యాసం ‘రైల్వే స్టేషనులో ఒక గంట’. నెక్కొండ స్టేషను. అందరూ కూర్చున్నారు, సిగ్నల్ ఒక్కటే నిలబడి ఉంది అని రాశాడు. నా క్లాసులో ఏ పిల్లా అలాంటి వాక్యం రాయలేదు, ఇప్పటికీ రాయలేదు. వాక్యం నిండా తప్పులున్నాయి.

అప్పుడే లేచి చీఫ్‌కు చెప్పాల్సింది. చెబితే ఎలా గుర్తుపట్టావంటారు. కొత్తదాన్ని, ఇంకా ఉద్యోగం పర్మినెంటు కాలేదు. కావాలని వెతుక్కుందంటారేమోనని భయం వేసింది. చెప్పకుండా దిద్దాను. ఎంత నిక్కచ్చిగా దిద్దానంటే, పొద్దున వేరేవాళ్లకు చూసీచూడనట్టు వదిలినవి కూడా కొట్టేశాను. వ్యాసానికి పదికి నాలుగు వేశాను. కూడితే ముప్పై మూడు. మళ్లీ కూడి చూశాను. మూడోసారి కూడాను. ముప్పై మూడే.

ఆనవాయితీ ప్రకారం మళ్లీ తిరగేసి రెండు కలపాలి. ఎవరూ ఏమీ అనరు, ఆ సిగ్నల్ వాక్యానికే రెండివ్వొచ్చు. ఆయన ఎవరో నాకు తెలియకపోతే కలిపేదాన్నే. తెలిసినందుకే నా పెన్ను కదల్లేదు. కలిపితే దొంగతనం చేసినట్టుంటుంది అనుకున్నాను. పైగా ఆయన మాటే అడ్డం తెచ్చుకున్నాను, తప్పును రైటు చెయ్యొద్దని ఆయనే అన్నాడు కదా, ఆయన కోరుకున్నదే చేస్తున్నాను కదా అని. ఇదంతా తర్వాత అల్లుకున్న మాట. అప్పుడు నాలో ఉన్నది భయం, ఇంకేమీ కాదు. చీఫ్ నా వెనకగా నడిచి వెళ్లాడు, ఆ అడుగుల చప్పుడుకు నేను ముప్పై మూడు కింద గీత గీసి, సంతకం పెట్టి, కాగితం కట్టలో పెట్టేశాను. సాయంత్రం కట్టలు కట్టి తీసుకెళ్లారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల మీద చూపించిన దయ ఆ రోజు ఆయన ఒక్కడికే దొరకలేదు.

వేసవి సెలవులకు వరంగల్ వెళ్లేసరికి ఫలితాలొచ్చేశాయి, మెమో కూడా వచ్చింది. ఆ ఏడు ఎండలు మండుతున్నాయి, ఎనుమాముల మార్కెట్ వైపు నుంచి గాలి వీస్తే మిర్చి ఘాటుకు వాకిట్లో అందరి కళ్లూ నీళ్లు కారుతున్నాయి. నాకు అది కలిసొచ్చింది. చిన్నమ్మ భోజనానికి పిలిచింది. కాక పక్కన కూర్చుని మెమో చూపించాడు. “రెండు మార్కులు బిడ్డా” అన్నాడు, అంతే. గొంతులో ఫిర్యాదు లేదు. ఫిర్యాదు చిన్నమ్మది. నా విస్తట్లో అన్నం వడ్డిస్తూ, “ఆ దిద్దినోని చేతులిరిగిపోను. రెండు మార్కులేస్తె వాని సొమ్మేం పోవు?” అంది.

కాక ఆమెను వారించాడు. “గట్ల తిట్టకు. మన బిడ్డ గూడ దిద్దుతది. దిద్దేటోళ్లకు ఎన్ని కాయితాలుంటయో, మనం రాసిందేందో, వాళ్లకేమెర్క?”

నేను అన్నం కలుపుకుని తిన్నాను. ఇంకొంచెం వెయ్యనా అంటే వెయ్యమన్నాను. ఆ పూట తిన్నంత అన్నం నేను మళ్లీ ఎప్పుడూ తినలేదు, నోరు ఖాళీ అయితే ఏమంటానోనని.

ఆగస్టు వచ్చింది, పోయింది. గుమాస్తా ఖాళీ ఒకటి పడితే ఆయన నేర్పిన కుర్రాడికిచ్చారు. ఆ అబ్బాయి మంచివాడు, కుర్చీలో కూర్చునే ముందు ఈయన కాళ్లకు దండం పెట్టాడట. తర్వాత ఆ అబ్బాయికి కూడా ఈయనే టీ తెచ్చిపెట్టాడు, ఇంకో పన్నెండేళ్లకు పైగా సర్వీసుంది మరి.

పరీక్ష మాత్రం మానలేదు. పాసైనా ఒరిగేదేమీ లేదని తెలిసి కూడా మార్చిలో తెల్లచొక్కా, పెరుగన్నం. ఎందుకు కాకా అని అడిగితే, అలవాటైన కాలు అటే పోతుందన్నాడు. మళ్లీ తనే, “ఇడిస్తె పొద్దుగూకినంక ఏం చెయ్యాలె బిడ్డా? ఆఫీసుల నిలవడ్డది యాదికొస్తది” అన్నాడు. నేను ఆయన నోటుబుక్కు దిద్దడం తగ్గించాను. సెలవులకు వచ్చినా తలనొప్పి అనో, ప్రయాణమనో తప్పించుకునేదాన్ని. ఆ చుక్కలు నాకు కనపడకూడదు. ఆయన నేను పెద్ద టీచర్నయ్యానని, తీరిక ఉండదని సర్దిచెప్పుకున్నాడు. పెళ్లయ్యాక ఇంకా తేలికైంది.

రెండేళ్లకు పాసయ్యాడు. ముప్పై ఎనిమిది. నేను పుట్టింట్లో ఉన్నాను. పొద్దున్నే జిలేబీ పొట్లం పట్టుకుని వచ్చాడు. మా అమ్మ కుర్చీ వేస్తే కూర్చున్నాడు. నా చేతిలో జిలేబీ పెట్టి, నా మొహం చూసి నవ్వుతున్నాడు. తర్వాత ఆ మాట అన్నాడు.

“ఆనాడు నా కాయితం నీ తాన్కి వచ్చుంటె బిడ్డా, అప్పుడే పాసయ్యేటోణ్ణి. నీకు నా రాత ఎర్క. నువ్వయితె రెండు మార్కుల కోసం నన్ను ఇడిచిపెట్టకపోదువు.”

చెప్పేద్దామని నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. ఎదురుగా ఆయన మొహం ఎలా ఉందంటే, ఆ ఒక్క నమ్మకం తీసేస్తే ఆయనకు ఇక ఏమీ మిగలదని తోచింది. అలా తోచడం కూడా నాకు అనువైనదే అని ఇప్పుడు తెలుస్తోంది. “అవును కాకా” అన్నాను. ఆయన తృప్తిగా తలాడించి, మా అమ్మకు కూడా జిలేబీ ఇచ్చాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ మాట ఆయనకు బాగా నచ్చింది. తర్వాత నేను ఎప్పుడు వెళ్లినా, వచ్చినవాళ్లకు నన్ను ఆ మాటతోనే పరిచయం చేసేవాడు. మా ఆయనకు చెప్పాడు. పాలు పోసేవాడికి చెప్పాడు. ఆఫీసులో కొత్తగా వచ్చిన సాబుకు కూడా చెప్పాడట, ఒక బిడ్డ ఉందని, ఆమె చేతికి కాగితం వెళ్లుంటే ఈపాటికి నేనూ కుర్చీలో ఉండేవాణ్ణని. చెప్పినప్పుడల్లా నా వైపు చూసేవాడు, నేను తలూపాలి. ఊపేదాన్ని. ఊపీ ఊపీ వరంగల్ వెళ్లడమే తగ్గించుకున్నాను. ఆయన జబ్బుపడ్డాడని తెలిసి కూడా దవాఖానకు పోలేదు. అక్కడ కూడా పక్క మంచం వాళ్లకు చెబుతాడని భయం.

పదో రోజుకు వెళ్లాను. వాకిలి నిండా జనం. చిన్నమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది, నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. తేరుకుని ఒక పక్కన కూర్చున్నాక నడివయసాయన ఒకరు వచ్చి నమస్కారం పెట్టాడు. ఆఫీసులో గుమాస్తానని, తనకు ఇంగ్లీషు నేర్పింది కాకేనని చెప్పుకున్నాడు. ఆ కుర్రాడే. జుట్టు నెరిసింది. నన్ను కాసేపు పరీక్షగా చూసి అడిగాడు.

“టీచరమ్మ అంటె మీరేనా? మీరు దిద్దుంటె పాసయ్యేటోణ్ణని మా అన్న రోజు అంటుండె. ఆఖరి రోజు దవాఖాన్ల గూడ అదే మాట అన్నడు.”

చుట్టూ ఉన్నవాళ్లు నా వైపు తిరిగి చూశారు.

నేను తలూపాను.